అశార్‌కి పంపిన మనిషి

ఊరి కాలువ మురాబ్ అసిల్‌బెక్ ఫోన్‌లో ఎప్పుడూ అరుస్తాడు. తలాస్ లోయకీ బిష్కెక్‌కీ నడుమ ఉన్న కొండ కనుమను గొంతుతోనే దాటాలన్నది అతని నమ్మకం. బుధవారం ఉదయం మాత్రం మెల్లగా మాట్లాడాడు. అది విని కుందుజ్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"బురుల్ పొలానికి మళ్ళీ నీళ్ళు రాలేదమ్మా."

"అదేంటి బైకే?" అన్న వరస వాళ్ళని పిలిచే పిలుపు అది. "ఆవిడ వంతు ఉందిగా?"

"వంతు మొత్తం మరిదికి పోయింది. ఇచ్చింది ఎవరనుకున్నావు? మీ కెజెకే."

ఆ కాలువ మీద ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపు నీళ్ళు వదలాలో ఫోన్‌లో చెప్పే ప్రోగ్రామ్ పేరు కెజెక్. కిర్గిజ్‌లో ఆ మాటకి వంతు అని అర్థం. కుందుజ్, ఆమె స్నేహితుడు ఎల్దియార్ కలిసి మొదలుపెట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే సరిచేసి పంపొచ్చు. అలా పంపేవాళ్ళు నరిన్ నుంచీ, సరిహద్దు అవతల ఖుజంద్ నుంచీ కూడా పోగయ్యారు. తలాస్‌లో కుందుజ్ సొంత ఊరి ఒక్క కాలువ కోసం పుట్టినది ఇప్పుడు చాలా కాలువల మీద నడుస్తోంది.

"వసంతంలో అన్నదమ్ముల భూమి విడిపోయింది కదా," అన్నాడు మురాబ్. నీళ్ళు పంచే మనిషి కనుక అతనికి ఊళ్ళో ప్రతి గట్టు కథా తెలుసు. "తూము ఒకటే, మడులు రెండయ్యాయి. మీ ఫోనుకేమో ఒక తూముకి ఒక పేరే తెలుసు. పైన మరిది పేరుంది. వాడు ఫోన్ నా ముక్కు ముందు పెట్టి, చూడు, ఇదే చెప్పింది అంటాడు."

"మీరు మురాబ్ కదా, మీరు చెప్తే వినడా?"

"నేను చెప్పకూడదమ్మా! ఫోన్ మాటే మాట అని ఊరంతా కూర్చుని ఒప్పుకున్నాం. అంతకుముందు నా మాట మీద ఎన్ని పారలు లేచాయో నువ్వూ చూశావుగా. ఒక్కసారి నేను దాటానంటే రేపు ఊరంతా దాటుతుంది. చిక్కుడు పూత మీదుంది. ఆదివారం సాయంత్రం మళ్ళీ ఆ తూము వంతు. ఈసారీ తప్పితే పూత రాలిపోతుంది. మొగుడు పోయాక దానికి మిగిలింది ఆ మడే. వసంతంలోనే ఎల్దియార్‌కి చెప్పా. చూస్తానన్నాడు."

కుందుజ్ ఆదివారంలోగా చూస్తానని ఫోన్ పెట్టేసింది.

చూస్తానన్నాడట. చూడలేదన్నమాట. కోపం రావడానికి ఆమెకు ఆ మాట చాలింది. నిజానికి కోపం ఎప్పట్నుంచో తయారుగా ఉంది, దిగడానికి ఒక చోటు కోసం చూస్తోంది. చలికాలం చివర ఒక సంస్థ కెజెక్‌కి ఏడాదిపాటు సాయం మంజూరు చేసింది. కిటికీల నిండా ఎండ పడే గది, కొత్త యంత్రాలు, కుందుజ్‌కి జీతం. దరఖాస్తులో బాధ్యుల గడిలో ఒక్క పేరే పట్టింది, తన పేరు రాసుకుంది. కుర్చీలకు చక్రాలున్నాయి. నీళ్ళు తాగడానికి కూడా మనిషి లేవక్కర్లేదు. అప్పట్నుంచి ఒక్కొక్కరే మాట మానేశారు. నెట్ లేకపోయినా కెజెక్ నడిచేలా చేసిన ఖుజంద్ ఫిరూజా పలకడం లేదు. నరిన్ బడిపంతులు జోల్దోష్ పలకడం లేదు. ఎల్దియార్ సంగతి సరేసరి. గది వచ్చింది, మనుషులు పోయారు. అసూయ అనుకుంటే కాస్త నిద్ర పట్టేది, అందుకని అలాగే అనుకుంది.

ఎల్దియార్‌కి ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఫోన్లో అడిగే మొహం ఆమెకు లేదు. ఎందుకు లేదో ఆమెకు తెలుసు, తెలిసినా దాని మీదికి ఆలోచన పోనివ్వదు.

గురువారం సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళింది. తలుపు తీసింది ఎల్దియార్ తల్లి సూయుమ్‌కాన్. ఆ వంటగది కుందుజ్‌కి తన గది కంటే బాగా తెలుసు. రెండేళ్ళపాటు ప్రతి శనివారం కెజెక్ ఇక్కడే నడిచింది. కుట్టుమిషను బల్ల కింద పాత కంప్యూటర్ గుర్రుపెడుతూ ఉండేది. సూయుమ్‌కాన్ బూర్సోక్‌లు అనే పొంగే పిండి ముక్కలు నూనెలో వేయించి మధ్యలో గుట్ట పోసేది, పిండి చేతులతోనే, "ఇవాళ ఎవరి కాలువ ఎండింది?" అని అడిగేది. ఇప్పుడు ఆ బల్ల కింద బంగాళాదుంపల బస్తా ఉంది.

"కూర్చో తల్లీ. ఆఫీసు బాగుందటగా? కుర్చీలు వాటంతటవే నడుస్తాయట?"

"బాగుంది అపా," అంది కుందుజ్, అమ్మని పిలిచినట్టే. "ఎల్దియార్ లేడా?"

"తమ్ముడి ఇంటి దగ్గర. బ్యాంకులో సెలవు పెట్టాడు. గోడలు లేచే టైము కదా, వానలు రాకుండా కప్పు పడాలి. మనుషులు బాగానే వస్తున్నారు, దేవుడి దయ." గిన్నె తుడుస్తూ, అదే తీయటి గొంతుతో అంది. "నువ్వు పంపినాయన కూడా మంచివాడేనమ్మా."

కుందుజ్ చెవులు వేడెక్కాయి. మే నెలలో ఎల్దియార్ తమ్ముడి ఇంటికి అశార్ పెట్టారు. అశార్ అంటే అందరూ వస్తారు, మట్టి తొక్కుతారు, గోడ ఎత్తుతారు, ఆ ఇంటివాళ్ళు పెట్టింది తింటారు. రేపు నీ ఇంటికి వాళ్ళూ వస్తారు. ఆ శనివారమే సంస్థకి నివేదిక ఇవ్వాల్సి వచ్చింది కుందుజ్‌కి. చేతులు తక్కువ కాకూడదని, మంచి మనసుతోనే, అడ్డా మీద ఒక కూలి మనిషిని మాట్లాడించి, డబ్బు ముందే ఇచ్చి, తన బదులు పంపింది. నివేదిక చాలా బాగా వచ్చింది.

సూయుమ్‌కాన్ టీ పోసింది. పోస్తూనే ఉంది. గిన్నె అంచుదాకా వచ్చాక ఆపి, రెండు చేతులతో అందించింది.

ఆ ఇంట్లో కుందుజ్‌కి ఎన్నడూ నిండు గిన్నె అందలేదు. సగం పోస్తారు, తాగాక మళ్ళీ సగం పోస్తారు, కూర్చున్నంతసేపూ అలా పోస్తూనే ఉంటారు. ఇక వెళ్ళాలన్నవాళ్ళకి నింపి ఇస్తారు. ఆమె ఆ టీ పొగలు పోకముందే నాలుక కాలేలా తాగింది. నీళ్ళ సంగతి ఎత్తకుండానే చెప్పులు వేసుకుంది.

"మళ్ళీ రా," అంది సూయుమ్‌కాన్ గుమ్మంలో, అందరితోనూ అన్నట్టే.

శుక్రవారం సంస్థ తరఫున గుల్నూర్ వచ్చింది. పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చి మరీ పలకరించే రకం. కుందుజ్ తెర మీద ఉన్నదంతా చూపించి బురుల్ సంగతి చెప్పింది.

"ఎవరినైనా జీతానికి పెట్టుకో. దానికి వీలుంది."

"పెట్టుకోవచ్చు ఎజే," అంది కుందుజ్, అక్కని పిలిచే మాటతో. "వచ్చినవాడికి తూమంటే ఏంటో అర్థమయ్యేసరికి పూత రాలిపోతుంది."

గుల్నూర్ ఖాళీ కుర్చీలవైపు చూసింది. "నేను మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? ఆ వంటగదిలో కూర్చోడానికి చోటు లేక నన్ను కిటికీ గట్టు మీద కూర్చోబెట్టారు. వాళ్ళని చూసే కదా మా వాళ్ళతో పోట్లాడి ఇప్పించాను. ఏరీ, వాళ్ళంతా?"

"రావడం మానేశారు."

"ఎందుకు?"

"తెలీదు," అంది కుందుజ్. సగం అబద్ధం కనుక గొంతు తగ్గింది.

గుల్నూర్ తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. సంచీలోంచి ఎండు ఆప్రికాట్లు తీసి బల్ల మీద పెట్టి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది.

శనివారమంతా కుందుజ్ ఒక్కతే కూర్చుంది. వంతు లెక్క ఎల్దియార్ రాసిన భాగం. అతని రాత ఆమెకు తెలుసు, ఎక్కడ తొందరపడతాడో, ఎక్కడ మొండికేస్తాడో కూడా తెలుసు. అయినా ఆ భాగం ఎప్పుడూ పక్కన అతనుండగానే చూసింది. తూముకి రెండు పేర్లు పట్టేలా చేసి తెర మీద నడిపి చూసింది. బురుల్‌కి నీళ్ళు వచ్చాయి, దిగువన ఉన్న మడులన్నిటికీ ఆగిపోయాయి. అది తీసి ఇంకోలా చేసింది. ఈసారి ఒకే గంటలో ఇద్దరికీ మొత్తం నీళ్ళు ఇచ్చింది కెజెక్. కాలువలో లేని నీళ్ళు. పొద్దు వాలేసరికి చేసినవన్నీ చెరిపేసి, మొదట్లో ఉన్న తప్పునే తిరిగి పెట్టింది. ఒక్కరికి అన్యాయం చేసే ప్రోగ్రామ్ అందరికీ అన్యాయం చేసేదానికంటే నయమని తనకు తను చెప్పుకుంది. చెప్పుకుని ఏడ్చింది.

ఆదివారం పొద్దున్నే రెండు పెద్ద రొట్టెలు కొని, నగరం చివరి బస్తీకి వెళ్ళే వ్యాను ఎక్కింది. అడగడానికే బయల్దేరింది. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వెళ్ళింది.

సగం కట్టిన ఇళ్ళ వరసలో ఎల్దియార్ తమ్ముడి ఇల్లు దూరం నుంచే తెలిసింది, జనం వల్ల. ఇంటి ముందు పెద్ద గుంట, అందులో ఎర్రమన్ను, గడ్డి, నీళ్ళు. కొందరు మోకాళ్ళదాకా బట్టలెత్తి తొక్కుతున్నారు. ఆడవాళ్ళు ఆ మట్టిని చేతుల్లోకి తీసుకుని ముద్దలు చేస్తున్నారు. వరసగా నిలబడ్డ మగవాళ్ళు ఆ ముద్దని చేతి నుంచి చేతికి విసురుతూ గోడ మీది మనిషికి చేరేస్తున్నారు. గోడ మీద ఎల్దియార్. గుంటలో అందరికంటే ముందు అతని తమ్ముడు, ఇంటి యజమాని, కనుబొమల దాకా మట్టి. యజమాని పొడిబట్టలతో నిలబడితే అశార్‌కి వచ్చినవాళ్ళు మధ్యాహ్నానికల్లా ఏదో పని గుర్తొచ్చి వెళ్ళిపోతారు.

ఎల్దియార్ ఆమెను చూశాడు. తల ఊపి, వచ్చిన ముద్దని పట్టుకున్నాడు.

కుందుజ్ రొట్టెలు చాప మీద పెట్టి, చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి గుంటలోకి దిగింది. మట్టి చల్లగా ఉంది. మొదటి అడుగుకే పట్టేసింది, కాలు రాలేదు. పక్కన తొక్కుతున్న నలభై ఏళ్ళ మనిషి నవ్వాడు. గడ్డం కింద పాత మచ్చ, నెత్తిన కాగితం టోపీ.

"మడమ ముందు ఎత్తు చెల్లెమ్మా. వేళ్ళతో లాగితే నువ్వక్కడే ఇల్లు కట్టుకోవాలి." ఆమె మడమ ఎత్తింది, కాలు వచ్చింది. "కొత్తా? నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"మంచిది. నన్ను మాత్రం పంపారు. మొదటిరోజు." అతను గడ్డి ఒక చేతినిండా చల్లుకుంటూ మాట్లాడాడు. "ఎవరో ఆఫీసు అమ్మాయట, డబ్బిచ్చి పంపింది. అశార్‌కి కూలోడేంటని వీళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాకూ సిగ్గేసింది. ఎక్కడ కూర్చోవాలో తెలీలే. అప్పుడీ ఇంటి పెద్దామె నన్ను పిలిచి పైన కూర్చోబెట్టింది, పెద్దోళ్ళ పక్కన. గౌరవమైన చుట్టాలకి పెట్టే పక్కటెముక మాంసం పెట్టింది. తిన్నాక ఆ డబ్బు జేబులో బరువైపోయింది. తరవాతి వారం ఊరికే వచ్చా. ఇప్పుడు సెలవులన్నీ ఇక్కడే. నా పేరు సదిర్."

"కుందుజ్," అంది ఆమె. ఆ పేరు అతనెప్పుడూ వినలేదు. అడ్డా మీద కుదిర్చింది పక్కింటి కుర్రాడు.

ఆమె తొక్కింది. నీళ్ళు పోశారు, గడ్డి వేశారు, మళ్ళీ తొక్కింది. పిక్కలు లాగాయి. మట్టిలో రాయి తగిలితే వంగి తీసి బయటికి విసిరింది. వ్యానులో కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడో జారిపోయాయి. అడుగుదామంటే ఎల్దియార్ గోడ మీద ఉన్నాడు, తను గుంటలో ఉంది. రెంటి మధ్యా మట్టి ముద్దలు ఎగురుతున్నాయి. అడగడానికి వచ్చినదాన్ని అడగకుండానే పోవాలేమో అనిపించింది. అలా పోతే బురుల్ ఎజే మొహం ఎలా చూడాలో తెలియలేదు.

మధ్యాహ్నం చాప మీద చేరారు. ఎల్దియార్ చేతులు కడుక్కుని వచ్చి, ఆమెకు కాస్త దూరంలో కూర్చున్నాడు.

"ఊళ్ళో అంతా బాగున్నారా?"

"బురుల్ ఎజే పొలానికి నీళ్ళు రావడం లేదు," అంది కుందుజ్ మట్టి కాళ్ళవైపు చూస్తూ. "భూమి విడిపోయింది కదా, మొత్తం వంతు మరిదికి పోతోంది. ఇవాళ సాయంత్రం మళ్ళీ ఆ తూము. నేను ప్రయత్నించా, నాకు రాలేదు."

ఎల్దియార్ రొట్టె తుంపబోయి ఆగాడు. "అదేంటి? అది మేలోనే సరిచేసి పంపాగా."

"ఎవరికి?"

"నీకే. మురాబ్ బైకే చెప్పిన వారమే. మా అశార్‌కి ముందు రోజు. నువ్వు తిప్పి పంపావు."

"నేనేం పంపలేదు!"

"నీ పేరుతోనే వచ్చింది. 'మీ సవరణ అసంపూర్ణం. నిర్ణీత పత్రం జతచేసి మళ్ళీ పంపగలరు. ధన్యవాదాలతో, కుందుజ్.'" అతను దాన్ని కంఠస్థం వచ్చినట్టు అప్పజెప్పాడు. "పోనీలే, జీతాల మనుషులొచ్చారు, వాళ్ళు వేరేలా చేసుకుంటారు అనుకున్నా. మర్నాడు నువ్వొస్తే నవ్వుతూ అడుగుదామనుకున్నా. సదిర్ బైకే వచ్చాడు."

సదిర్ నమలడం ఆపాడు.

ఏప్రిల్‌లో పెట్టిన నియమం అది. నివేదికలకు వీలుగా ఉంటుందని, ఎవరేం పంపినా ముందు ఒక పత్రం నింపాలని కుందుజ్ రాసింది. నింపనివి యంత్రమే మర్యాదగా తిప్పి పంపుతుంది, అలా తిప్పినవాటిని ఒక పక్కన పడేస్తుంది. పక్కన పడ్డవి చూడాలని ఆమెకు తోచలేదు. నియమం బాగా పనిచేస్తోంది కదా అని సంతోషించింది కూడా.

ఫోన్ తీసింది. మట్టి వేలిని ఫోన్ గుర్తుపట్టలేదు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఒప్పుకోలేదు. సదిర్ లేచి కూజా తెచ్చి ఆమె చేతుల మీద నీళ్ళు పోశాడు, బొటనవేలు తన తువ్వాలుతో తుడిచాడు.

తెరుచుకుంది. ఎల్దియార్ పంపినది అక్కడే ఉంది. దాని కింద ఫిరూజా పంపినవి, ఒకటి తరవాత ఒకటి, చివరిది మొన్న సోమవారానిది. జోల్దోష్ పంతులు పంపినవి ఉన్నాయి, ప్రతిదానికీ చివర బడిపిల్లల తరఫున నమస్కారాలు. ఆమె ఎన్నడూ వినని పేర్లు కూడా ఉన్నాయి, ఒకరు ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డు నుంచి. అందరికీ ఒకే జవాబు వెళ్ళింది, ధన్యవాదాలతో, ఆమె పేరుతో.

ఎవరూ మానలేదు. తలుపు గడియ తనే పెట్టుకుని, ఎవరూ రావడం లేదని ఇన్నాళ్ళూ లోపల కూర్చుని ఏడ్చింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ముక్కు తుడుచుకుంటే మట్టి అంటింది.

"ఏడవడం తరవాత," అన్నాడు ఎల్దియార్ దగ్గరికి జరుగుతూ. "నీళ్ళు సాయంత్రానికి. ఇటు చూపించు."

బక్కెట్టు బోర్లించి దాని మీద ఫోన్ పెట్టుకుని ఇద్దరూ తలలు కలిపారు. అతని సవరణ చిన్నది. తూము కింద మడులను పేర్ల బట్టి కాక నేల బట్టి కొలిచింది, అంతే. ఆమె దిగువ మడులన్నీ ఒక్కొక్కటే అడిగింది, అతను ఒక్కొక్కటే చూపించాడు. ఒకచోట ఆమె తప్పు పట్టింది, అతను నాలుక కరుచుకుని సరిచేశాడు. బురుల్‌కి సగం వచ్చింది, మరిదికి సగం. దిగువన ఎవరి వంతూ కదల్లేదు. కుందుజ్ దాన్ని కెజెక్‌లో కలిపింది. ఆ చేత్తోనే ఏప్రిల్ నియమాన్ని తీసేసింది. సోమవారం గుల్నూర్‌కి చెప్పుకోవాలి. ఎలా చెప్పాలో అప్పుడే వెతుక్కోవచ్చు.

తరవాత మళ్ళీ గుంటలోకి దిగింది. పొద్దు వాలే దాకా తొక్కింది. గోడ కిటికీ ఎత్తు దాటింది.

మురాబ్ ఫోన్ వచ్చేసరికి అందరూ కాళ్ళు కడుక్కుంటున్నారు. కుందుజ్ ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

"పారుతోందమ్మా! మరిది మొహం చూడాలి నువ్వు! ఫోన్ నా ముందు పెట్టి చదవమన్నాను. రెండుసార్లు చదివాడు. తనే పార తీసి గట్టు తెగ్గొట్టాడు. బురుల్ మడిలో నిలబడి ఉంది, చెప్పులతోనే, పిలిచినా బయటికి రాదు!"

చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది. ఎల్దియార్ మెడ మీద నీళ్ళు చల్లుకున్నాడు, చాలాసేపు చల్లుకున్నాడు.

సూయుమ్‌కాన్ టీ పోస్తోంది. కుందుజ్ వంతు వచ్చేసరికి గిన్నెలో సగానికి కాస్త తక్కువగానే పోసి ఇచ్చింది. "శనివారం పిండి తీసుకురా," అంది ఆమె వైపు చూడకుండా. "ఆ దుంపల బస్తా వేరేచోట పెడతాలే."

కుందుజ్ తాగి గిన్నె తిరిగి ఇచ్చింది. మళ్ళీ కొంచెం పోశారు. సదిర్ పక్కనే కూర్చుని కాలి గోళ్ళలో మట్టి పుల్లతో తీసుకుంటున్నాడు. అతనితో చెప్పకపోతే ఆ టీ గొంతు దిగేలా లేదు.

"సదిర్ బైకే. ఆ ఆఫీసు అమ్మాయిని నేనే. మిమ్మల్ని పంపింది నేను."

అతను పుల్ల ఆపి ఆమెను కింద నుంచి పైకి చూశాడు. మోకాళ్ళదాకా మట్టి, ముక్కు మీద మట్టి, జుట్టులో గడ్డి.

"మధ్యాహ్నమే తెలిసిందిలే," అన్నాడు. మళ్ళీ పుల్ల అందుకున్నాడు. "ఆగస్టులో మా ఇంటికి కప్పు వేస్తున్నాం. అప్పుడు మాత్రం మనిషిని పంపకు."